పొయ్యి చెంత నేర్చిన పాఠాలు

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో పూర్వ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఒక పాఠశాలకు 75 సంవత్సరాలు నిండడం సామాన్యమైన విషయం కాదు. అందులోనూ తెలుగు రాష్ట్రాలకు వెలుపల, తెలుగులో పాఠాలు చెప్పే పాఠశాల ఇన్నేళ్ళు నిలబడడం మనందరం గర్వించదగిన విషయం. ఈ సందర్భంలో విద్యను గురించీ, భాషను గురించీ, సంస్కృతిని గురించీ మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ వేదికపై ఎందరో ఉన్నారు. నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం వేరు. మన ప్రాంతపు ఇళ్ళలో చలికాలంలో కాచుకునే జావలు, చారులు, కట్టులు. వాటితో ముడిపడిన కుటుంబ జ్ఞాపకాలు, పండుగలు, ఆచారాలు. ఈ మాట వినగానే "వంటలను గురించి ఉపన్యాసమా?" అని చిరునవ్వు నవ్విన మిత్రులు ఉన్నారు. నవ్వవచ్చును, తప్పు లేదు. కాని మన పూర్వులు ఈ కొండల మధ్యకు వచ్చి ఎలా బ్రతికారో, ఎవరి సాయంతో బ్రతికారో తెలుసుకోవాలంటే వంటింటిని మించిన సాక్ష్యం లేదని నా నమ్మకం.

మన నేల, మన చలి

కొరాపుట్, రాయగడ రెండూ తూర్పు కనుమల ఒడిలోనివే అయినా రెండింటి చలి ఒక్కటి కాదు. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ జిల్లాలోనే 1,672 మీటర్ల ఎత్తుగల దేవమాలి శిఖరం ఉంది. ఒడిశా రాష్ట్రంలోకెల్లా ఎత్తైన శిఖరం అదే. సిమిలిగుడ, పొట్టంగి వైపు మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున బావి తాడు పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. రాయగడ నాగావళి లోయలో ఉంది. ఇక్కడి చలి కొండ మీదంత పదునైనది కాదు గాని, నది మీది మంచు ఊరిని కమ్ముకున్న రోజున పొద్దెక్కే వరకు ఎదుటి మనిషి కనిపించడు.

ఆ చలికి తగిన తిండిని ఈ నేలే ఇచ్చింది. కొండవాలులలో చోళ్ళు, సామలు, ఉలవలు, కందులు, వలిసెలు పండుతాయి. కొరాపుట్ అల్లం పేరు పడినది. పసుపునకు కొదవ లేదు. మైదానంలో వరి అన్నమే అన్నమనుకునే తెలుగు కుటుంబాలు కొండ ఎక్కిన తరువాత చోళ్ళ రుచి తెలుసుకున్నాయి. "చోళ్ళు" అంటే ఏమిటని దక్షిణాది జిల్లాల బంధువులు అడుగుతుంటారు. వారు రాగులనేవే మన చోళ్ళు. ఒడియాలో మాండియా.

మన కుటుంబాల చరిత్రను రెండు మాటలలో చెప్పి ముందుకు పోతాను. నేటి కొరాపుట్, రాయగడ జిల్లాలు ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాలో, జయపురం సంస్థానంలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం కొరాపుట్ జిల్లాగా అందులో చేరింది. 1992 అక్టోబరు 2న ఆ జిల్లా నాలుగుగా విడిపోయి రాయగడ వేరు జిల్లా అయింది. పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి వైపు నుండి వర్తకం కోసం, సంస్థానపు కొలువు కోసం, రైలు పని కోసం, తరువాత చక్కెర కర్మాగారం, కాగితపు మిల్లు పనుల కోసం వచ్చినవారు మన పూర్వులు. సరిహద్దు గీత మారింది. ఇళ్ళు మారలేదు. అదే వీధి, అదే సంత, అదే పొయ్యి. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అండగా నిలిచారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. రెండు భాషలను రెండు కళ్ళుగా చూడడం ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మాటల చుట్టరికం

వంటింటి మాటలను గమనించండి. మనం "జావ" అంటే ఒడియా ఇంట "జాఉ" అంటారు. మన తాతలు కుండలో పులియబెట్టిన అన్నపు నీటిని "తరవాణి" అన్నారు. ఒడియా వారు "తొరాణి" అన్నారు. మన "కంది" కొరాపుట్ వైపు "కాందుల". మన "అంబలి" వారి "అంబిల". ఈ చివరి మాటలో అర్థం కొంచెం మారింది. ఒడియా ఇంట అంబిల అంటే కూరగాయలు వేసిన పుల్లని పులుసు. మన ఇంట అంబలి అంటే పులిసిన పిండిని కాచినది. పులుపు మాత్రం ఉమ్మడి ఆస్తి.

రాయగడ కొండలలోని కొంధుల మాట కువి. ఇది తెలుగుతోపాటు దక్షిణ-మధ్య ద్రావిడ శాఖకు చెందినదే. కొండ దొరల భాష, కుయి, గోండి కూడా ఆ శాఖలోనివే. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో ప్రకటించిన గ్రంథం ఆ కొండ భాషను గురించినదే. అంటే, సంతలో చోళ్ళ గంప దించిన కొంధు అవ్వకూ, బేరమాడిన మన మామ్మకూ భాషలో కూడా దూరపు చుట్టరికం ఉందన్నమాట. ఆ సంగతి వారిద్దరికీ తెలియదు. అయినా చుట్టాలలాగే మెలిగారు.

చోడి జావ

అలా మెలిగిన ఇద్దరి సంగతి ఒకటి చెబుతాను. ఇది 1960ల నాటి మాట. మా నాన్నగారు బజారులో ఒక దుకాణంలో గుమాస్తా. ఒక ఏడు కార్తీక మాసంలో ఆయన జబ్బుపడి మూడు నెలలు మంచం దిగలేదు. ఇంట్లో ఏడుగురం. జీతం లేదు. బియ్యం ఒక పూటకే వచ్చేవి. రెండవ పూటకు మా మామ్మ చోడి జావ కాచేది. వారపు సంతకు కొండ మీది నుండి వచ్చే ఒక కొంధు స్త్రీ ఆమెకు అప్పుగా చోళ్ళు ఇచ్చేది. మా మామ్మకు కువి రాదు. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. ఇద్దరికీ మధ్య నాలుగు దేశియా మాటలు, మిగిలినది చేతి సైగ. అడ్డెడు చోళ్ళు తెచ్చిన ప్రతిసారీ మామ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. చీటీ లేదు, సాక్షి లేదు.

ఫాల్గుణంలో నాన్నగారు మళ్ళీ పనికి వెళ్ళారు. మొదటి జీతం రాగానే మామ్మ నన్ను వెంటబెట్టుకుని సంతకు వెళ్ళింది. గోడ మీద తొమ్మిది గీతలు. మామ్మ లెక్క చెప్పకముందే ఆ అవ్వ రెండు చేతులూ ఎత్తి తొమ్మిది వేళ్ళు చూపింది. డబ్బు తీసుకుని, కొంగున ముడివేసుకుని, పిడికెడు చోళ్ళు కొసరుగా నా గౌను జేబులో పోసింది. తిరిగి వస్తూ మామ్మ అన్న మాట నాకు నేటికీ జ్ఞాపకం: "అప్పు తీరిపోతాది గాని, అంబలి రుణం తీరదే తల్లీ." ఆ గీతలను ఆమె చాలా కాలం చెరపనివ్వలేదు. సంక్రాంతికి ఇల్లంతా వెల్ల వేసినప్పుడు ఆ మూలను మాత్రం వదిలిపెట్టించింది.

ఆ జావ కాచే పద్ధతి చెబుతాను. నలుగురికి అరకప్పు చోడిపిండి చాలు. రాత్రి దానిని రెండు కప్పుల నీటిలో కలిపి, మూత పెట్టి, పొయ్యి గట్టు మీద ఉంచాలి. చలికాలంలో పిండి త్వరగా పులియదు కనుక వెచ్చని చోటు కావాలి. తెల్లవారిన తరువాత గుప్పెడు బియ్యపు నూకలను ఆరు కప్పుల నీటిలో మెత్తగా ఉడికించి, పులిసిన పిండిని సన్నధారగా పోస్తూ తెడ్డుతో కలుపుతూ ఉండాలి. చేయి ఆగితే ఉండ కడుతుంది. సన్నని మంట మీద పది పదిహేను నిమిషాలు ఉడికి, పచ్చివాసన పోయి, మీద నిగనిగ వచ్చినప్పుడు ఉప్పు వేసి దించాలి. వేసవిలో దీనిని చల్లార్చి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని త్రాగుతాము. అది చలువ. చలికాలంలో దంచిన అల్లం, జీలకర్ర వేసి, పొగలు కక్కుతుండగా త్రాగుతాము. పిల్లలకు పులియని పిండితో కాచి, బెల్లం, అల్లం వేసి ఇవ్వవచ్చును. పిండి ఒక్కటే, కాలాన్ని బట్టి గుణం మార్చుకోవడం మన పెద్దల నేర్పు.

కొండ పల్లెలలో ఇదే మాండియా పేజ్. ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని పొలానికి తీసుకుపోతారు. మధ్యాహ్నానికి అది మరికొంచెం పులిసి, దాహానికీ ఆకలికీ ఒకేసారి జవాబు చెబుతుంది. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, మరపట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాముల ప్రాంతంలోనే ఉంటుందని ఆహార శాస్త్రం చెబుతోంది. పులియబెట్టినందువల్ల గింజలోని ఇనుము ఒంటికి మరింత బాగా పడుతుంది. పుస్తకం చదవని అవ్వలు పిండిని రాత్రే ఎందుకు కలిపి ఉంచారో దీనిని బట్టి ఊహించవచ్చును.

ఉలవచారు, కందికట్టు, మిరియాల చారు

ఉలవచారు నేడు పెద్ద హోటళ్ళలో ఖరీదైన వంటకం. పెళ్ళివిందులలో దానికి ప్రత్యేకంగా ఒక గిన్నె. మా చిన్నతనంలో అది ఎడ్లతో పంచుకున్న తిండి. ఉలవలు ఉడికించగా వచ్చిన కట్టు మనుషులకు, ఉడికిన గింజ ఎడ్లకు. ఇంట్లో కరువున్న నాడు గింజ కూడా మనకే. తాలింపు వేస్తే అవే గుగ్గిళ్ళు. వంద గ్రాముల ఉలవలలో ఇరవై గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఒడియాలో కొలొథ అనే ఈ గింజ ఎక్కువ నీరు అడగదు, మెట్ట నేలలోనూ పండుతుంది.

పావు కిలో ఉలవలను రాళ్ళు లేకుండా ఏరి, కడిగి, రెండు లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఆ నీటితోనే కట్టెల పొయ్యి మీద రెండు గంటలు, కుక్కరయితే ఎనిమిది పది కూతలు వచ్చే వరకు ఉడికించాలి. నీరు వడగట్టితే ముదురు గోధుమరంగు కట్టు వస్తుంది. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉల్లిపాయ ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి, గరిటెకు పట్టేటంత చిక్కబడే వరకు మరగనివ్వాలి. తొందర పడినవారికి ఉలవచారు దక్కదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, చితక్కొట్టిన వెల్లుల్లి, ఇంగువతో తాలింపు వేసి, మూత పెట్టాలి. మరునాటికి రుచి పెరుగుతుంది. మీగడ వేసుకోవడం కృష్ణా, గుంటూరు వైపు వేడుక. మా ఇంట్లో మీగడ లేదు, ఆకలి ఉండేది. అది చాలు రుచికి.

ఇక కందికట్టు. పుష్య మాఘాలలో కొత్త కందులు ఇంటికి వస్తాయి. కొండ మీద జాతాపులు, సవరలు, కొండ దొరలు కొత్త పంటను గ్రామదేవతకు నివేదించనిదే నోట పెట్టరు. దానిని "కంది కొత్త" అంటారు. చిక్కుడు కొత్త, మామిడి కొత్త ఇట్లా ఒక్కొక్క పంటకు ఒక్కొక్క కొత్త పండుగ ఉంది. దీనిలో భక్తితో పాటు బుద్ధి కూడా ఉంది. కాయ ముదరక ముందే కోసుకుని తినకుండా, గింజ పూర్తిగా పండి విత్తనం నిలిచే వరకు ఊరందరి చేతులనూ ఆపే కట్టుబాటు అది. ఆ కొత్త కందిపప్పును పలుచగా ఉడికించి, పైకి తేరిన నీటిలో పసుపు, ఉప్పు, దంచిన అల్లం, రెండు ములగాకు రెబ్బలు వేసి ఒక పొంగు రానిస్తే కందికట్టు. బాలింతలకు, జ్వరం తగ్గినవారికి, పరీక్షకు పోయే పిల్లలకు మొదటి ముద్ద దానితోనే.

మిరియాల చారును గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, పలుచని చింతపండు నీటిలో వేసి, పొంగు రాగానే దించి, నేతి తాలింపు వేయాలి. అతిగా మరిగితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఇది జలుబును కుదురుస్తుందని నేను చెప్పను. గొంతుకు ఊరట, మనసుకు ధైర్యం ఇస్తుంది. అమ్మ చేతి గిన్నె అందుకున్న పిల్లవాడికి సగం నలత అక్కడే పోతుంది. మిగిలిన సగానికి వైద్యుడు ఉన్నాడు.

చలికాలపు పండుగలు

మన ఇళ్ళలో గురువారాన్ని లక్ష్మీవారం అంటాము. మార్గశిర లక్ష్మీవారాలలో తెల్లవారకముందే వాకిలి అలికి, ముగ్గు వేసి, లక్ష్మిని పూజిస్తాము. విశాఖపట్టణంలో కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆ మాసమంతా ఉత్సవాలే. ఒడియా ఇళ్ళలోనూ అవే గురువారాలు, అదే లక్ష్మి. వారు మాణబసా అంటారు. కొత్త ధాన్యం నింపిన కొలపాత్రను పూజలో ఉంచుతారు. బియ్యపు పిండి నీటితో జోటి వేస్తారు. మా వీధిలో చిన్నప్పుడు ముగ్గు ఎక్కడ ముగిసి జోటి ఎక్కడ మొదలయ్యేదో పోల్చడం కష్టంగా ఉండేది.

ఆ పూజలో వారు చదివేది బలరామదాసు రచించిన లక్ష్మీపురాణం. అందులోని కథ మన పిల్లలందరూ వినదగినది. శ్రియా అనే చండాల స్త్రీ భక్తికి మెచ్చి లక్ష్మి ఆమె ఇంటికి వెళుతుంది. అందుకు ఆగ్రహించి అన్నదమ్ములైన జగన్నాథ బలభద్రులు ఆమెను గుడి నుండి పంపివేస్తారు. లక్ష్మి వెళ్ళిపోగానే వారికి అన్నం పుట్టదు. ఆకలితో తిరిగి తిరిగి, చివరకు ఆమె ఉన్న చోటనే భోజనం చేసి, ఆమె షరతుకు తలవంచుతారు. అన్నం దగ్గర ఎక్కువ తక్కువలు లేవని దేవుడికి కూడా ఆకలి నేర్పిన కథ అది.

పుష్య మాసంలో మన వీధులలో భోగి మంటలు, పిడకల దండలు, హరిదాసు పాట. అదే మాసపు పున్నమికి కొండ పల్లెలలో పుష్ పరబ్. ఢోలు, తమక్, మొహురి మ్రోగుతుంటే స్త్రీలు నడుములు పట్టుకుని వరుస కట్టి ధింసా ఆడతారు. ఆ వాద్యపు మ్రోత రాత్రివేళ లోయ దాటి మా ఇళ్ళ వరకు వినిపించేది. చైత్రంలో చైత్ పరబ్. మన రాయగడలో మజ్జిగౌరమ్మ తల్లి ఉత్సవం. ఒడియా వారికి ఆమె మాఝిఘరియాణి. పేరు ఏదైనా గుడి మెట్ల మీద తెలుగు, ఒడియా, దేశియా, కువి నాలుగు భాషల మొక్కులూ కలిసి వినిపిస్తాయి. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుండి వచ్చే భక్తులు ఆ తల్లిని తమ ఊరి దేవతగానే తలుస్తారు.

చిన్నచూపు, పెద్ద గౌరవం

ఇంతవరకు తీపి మాటలే చెప్పాను. చేదు మాట కూడా ఒకటి చెప్పాలి. మా చదువుల కాలంలో చోడి జావ త్రాగి వచ్చామని బడిలో చెప్పుకోవడం నామోషీగా ఉండేది. కొండ పల్లె నుండి ఆనపబుర్రతో వచ్చిన పిల్లవాడు చెట్టు చాటున కూర్చుని త్రాగేవాడు. వరి అన్నం నాగరికత, చోడి జావ పేదరికం అన్న భావం ఇంటింటా పాకింది. దానితో చోళ్ళ చేలు తగ్గాయి. వండే చేతులు తగ్గాయి.

కాలం ఇప్పుడు మరో మలుపు తిరిగింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కోసం ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించి, మద్దతు ధరకు చోళ్ళు కొనే ఏర్పాటు చేసింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. 2024లో కొరాపుట్ కాలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు లభించింది. జయపురం దగ్గర పాత్రపుట్ గ్రామానికి చెందిన ఆదివాసీ రైతు కమలా పూజారి వందకు పైగా దేశవాళీ వరి రకాలను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. ఆమె ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు. విత్తనాన్ని చేతి నుండి చేతికి అందించడం నేర్చుకున్నారు.

విత్తనానికి ఆ గౌరవం వచ్చింది. సంతోషం. కాని విత్తనం ఒక్కటే మిగిలితే చాలదు. దానిని వండే తీరు, ఆ తీరును చెప్పే మాట కూడా మిగలాలి. ఆ మాటల సంగతి చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను.

మాట పోతే వంట పోతుంది

క్రిందటి ఏడు చలికాలంలో బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న నా మనవరాలు ఫోను చేసి, జావ ఎలా కాచాలో చెప్పమన్నది. చెప్పుకుంటూ వచ్చాను. "పచ్చివాసన పోయే వరకు కలుపు" అన్నాను. అవతల నిశ్శబ్దం. తరువాత అడిగింది: "పచ్చివాసన అంటే ఎలా ఉంటుంది, అమ్మమ్మా?" నేను చెప్పలేకపోయాను. అది పొయ్యి ప్రక్కన నిలబడి, ముక్కుతో నేర్చుకోవలసిన మాట. ఎన్ని నిమిషాలో చెప్పు అన్నది. నిమిషాలు చెప్పాను. జావ వచ్చిందట, మామ్మ జావ మాత్రం రాలేదట.

ఆ రోజు నాకు తోచిన సంగతి ఇది. "పొంగు రావడం", "చిక్కబడడం", "తేట తేరడం", "కమ్మదనం", "కచ్చాపచ్చాగా" వంటి మాటలు నిఘంటువులో ఉన్నాయి గాని, వాటి అర్థం మన ఇళ్ళలో ఉంది. ఆ మాట తెలియని బిడ్డకు ఆ రుచి తెలిసినా చెప్పుకోవడానికి నోరు రాదు. చెప్పుకోలేని రుచి రెండవ తరానికి అందదు.

మన పాఠశాలలో చేరే పిల్లల సంఖ్య మునుపటి వలె లేదని ఇక్కడున్న అందరికీ తెలుసు. తల్లిదండ్రులను నేను నిందించడం లేదు. ఉద్యోగం ఏ భాషలో దొరుకుతుందో ఆ భాషలో చదివించాలనుకోవడం సహజం. నా పిల్లలూ ఇతర భాషలలో చదివి పైకి వచ్చినవారే. అయితే మన రాజ్యాంగం 350ఎ అధికరణంలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించే ఏర్పాట్లు చేయవలసిందని రాష్ట్రాలకు చెబుతోంది. అది మనకు ఎవరో దయతో ఇచ్చినది కాదు. వాడుకోకపోతే నిలిచేదీ కాదు.

మన పొరుగున ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పాలని వారి మాట నేర్చుకున్నారు. వారి కోసం పాఠశాలలు పెట్టారు. సవర భాషా వ్యాకరణాన్ని 1931లో, నిఘంటువును ఆ తరువాత ప్రకటించారు. తెలుగు కోసం ఆయన చేసిన వ్యావహారిక భాషోద్యమాన్ని మనం ఏటా ఆగస్టు 29న తలచుకుంటాము. పొరుగువాని భాష కోసం ఆయన పడిన శ్రమను అంతగా తలచుకోము. తన భాషను ప్రేమించినవాడే ఎదుటివాని భాష విలువ ఎరుగునని ఆయన జీవితం చెబుతోంది. మన పాఠశాలకు అంతకంటె మంచి ఆదర్శం ఏముంటుంది?

మూడు మనవులు

అందుచేత ఈ ప్లాటినం జూబ్లీ సందర్భంగా మూడు మనవులు చేసి విరమిస్తాను.

మొదటిది విద్యార్థులకు. ఆరవ తరగతి మొదలు ప్రతి విద్యార్థీ తన ఇంట్లోని పెద్దవారి దగ్గర కూర్చుని, ఒక చలికాలపు వంటను గురించి ఒక పుట వ్రాయాలి. ఎలా వండుతారో మాత్రమే కాదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పండుగకు వండుతారు, ఏ కష్టకాలంలో ఆ వంట ఆదుకుంది, దానిని ఒడియాలో, దేశియాలో, కువిలో ఏమంటారు, ఇవన్నీ వ్రాయాలి. ఆడపిల్లలు మాత్రమే కాదు, మగపిల్లలు కూడా వ్రాయాలి. ఆకలి ఇద్దరికీ ఒక్కటే. మామ్మలు, తాతలు మన కోసం కాచుకుని ఉండరు. ఈ శీతాకాలమే అడగండి.

రెండవది ఉపాధ్యాయులకు. ఆ పుటలన్నిటినీ కుట్టించి గ్రంథాలయంలో ఉంచండి. అచ్చు వేయించలేకపోయినా ఫరవాలేదు. పిల్లల చేతివ్రాతలోనే ఉండనివ్వండి. తెలుగు వాచకంలో దొరకని తెలుగు అందులో దొరుకుతుంది. వ్యాకరణం చెప్పేటప్పుడు ఉదాహరణలకు అక్కడినుండే వాక్యాలు తీసుకోండి.

మూడవది తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు. మీ బిడ్డలు ఏ మాధ్యమంలో చదివినా వారిని వారానికి ఒక్క రోజు పొయ్యి దగ్గర నిలబెట్టి, తెలుగులో వంట చెప్పండి. తెడ్డు వారి చేతికి ఇవ్వండి. మాడితే మాడనివ్వండి. ఏటా పుష్య మాసంలో పాఠశాల వార్షికోత్సవం నాడు ఈ ఆవరణలో ఒక పెద్ద గుండిగలో చోడి జావ కాచి, వచ్చినవారందరికీ పోసే బాధ్యతను పూర్వ విద్యార్థుల సంఘం తీసుకోవాలని కోరుతున్నాను. మొదటి సంవత్సరపు చోళ్ళ ఖర్చు నాది. వాటిని దుకాణంలో కాక సంతలో, కొండ దిగి వచ్చే స్త్రీల దగ్గర, అడిగిన ధరకు కొనాలన్నది నా షరతు.

ఈ పాఠశాల మాకు అక్షరాలు నేర్పింది. ఆ అక్షరాలతో మన ఇళ్ళ జ్ఞాపకాలను వ్రాసి పెట్టడం మనం చెల్లించగల గురుదక్షిణ. ఈ విద్యాలయం శతవార్షికోత్సవం జరుపుకునే నాటికి, నేడు ముందు వరుసలో కూర్చున్న ఈ చిన్నారులలో ఒకరు ఇక్కడ నిలబడి, తెలుగులో, తమ ఇంటి వంటను గురించి మాట్లాడాలని మనసారా కోరుకుంటున్నాను.